ఒక్క 'ఓన్లీ' తెచ్చిన తంటా

నేను కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని. ఎమ్.ఏ. కూడా తెలుగులోనే చేశాను. అటువంటిదానికి ఇంగ్లీషు మాట మీద వ్యాసం రాయవలసిన అవసరమేమిటి, ఆ పని చూసుకునేందుకు ఇంగ్లీషు లెక్చరర్లు లేరా అని మీరడగవచ్చు. అడగవలసిన మాటే. కాని కొన్ని మాటలుంటాయి. అవి పుట్టింది ఇంగ్లీషులోనే అయినా మన యింట్లో చేరి, మన వంటింట్లో పెరిగి, అచ్చంగా మన పోలికలు పుణికి పుచ్చుకుంటాయి. అటువంటి మాట 'ఓన్లీ'. దాని తగాదా తీర్చవలసింది ఇంగ్లీషువాళ్ళు కాదు, తెలుగువాళ్ళే. చూశారా, 'తెలుగువాళ్ళే' అన్నాను. ఆ చివరనున్న 'ఏ'లోనే ఉంది కథంతా.

ఈ మాట జోలికి నేను సరదాకి పోలేదు. మా అమ్మ ప్రాణం మీదికి వచ్చినంత పనైంది గనుక పోయాను.

2019 వేసవి సెలవుల్లో అమ్మను వెంటబెట్టుకుని ఇంగ్లండులో ఉన్న మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. నాన్నగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఊరు కదలనని భీష్మించుకు కూర్చున్న మనిషిని, మనవణ్ణి చూద్దువుగాని రమ్మని బతిమాలి బయల్దేరదీశాను. వెళ్ళిన పదో రోజున అమ్మకు జ్వరం, వాంతులు. ఆసుపత్రికి తీసుకుపోతే, ఒంట్లో నీరు తగ్గిపోయింది, సెలైను ఎక్కించి ఒక రాత్రి ఉంచుకుంటామన్నారు. తమ్ముడు పనిమీద వేరే ఊరు వెళ్ళాడు. మరదలు ఉద్యోగం నుంచి యింకా రాలేదు. అమ్మ మంచం పక్కన నేనూ, మా పదకొండేళ్ళ మేనల్లుడూ కూర్చున్నాము.

రాత్రి ఏడింటికి నర్సు వచ్చింది. చాలా మర్యాదస్థురాలు. అమ్మ సంచీలోంచి తీసిచ్చిన మాత్రల అట్టను తిప్పి తిప్పి చూసి, "ఈ బి.పి. మాత్ర యివాళ వేసుకున్నారా?" అని నన్నడిగింది. అట్ట మీద మాత్ర పేరేగాని రోజుకెన్నో ఉండదు గదా! అమ్మకు ఆ మాత్ర రోజుకొక్కటే. ఆ వేళ కూడా పొద్దున్నే, కాఫీ తాగగానే వేసేసుకుంది. ఆ సంగతే నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

"షి టుక్ ఇట్ ఇన్ ది మార్నింగ్ ఓన్లీ."

"మార్నింగ్ ఓన్లీ?" అని మళ్ళీ అడిగింది ఆవిడ.

"ఎస్, ఎస్, మార్నింగ్ ఓన్లీ" అన్నాను, రెట్టించి అడిగినందుకు లోలోపల మెచ్చుకుంటూ. ఎంత జాగ్రత్త గల మనిషో అనుకున్నాను. ఆవిడ కాయితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

అరగంటకల్లా చిన్న కప్పులో మాత్ర, గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని వచ్చింది. అమ్మ ఆ మాత్రను ఎగాదిగా చూసి, "ఇదేమిటే అమ్మాయీ? పొద్దున్నే వేసుకున్నానుగా! మళ్ళీ మింగమంటుందేం?" అంది. నేను నర్సు వైపు తిరిగి, ఈసారి కాస్త గట్టిగా, "మార్నింగ్ ఓన్లీ!" అన్నాను. ఆవిడ చిరునవ్వు చెదరకుండా, "అవును, మీరు చెప్పారు. అందుకనే యిప్పుడు రాత్రిది యిస్తున్నాను" అంది.

నేనింకా నోరు తెరవకముందే మా మేనల్లుడు కుర్చీలోంచి లేచాడు. పెద్దమనిషిలాగా ఆవిడతో ఏదో చెప్పాడు. అమ్మమ్మ... కాదు, వాడికి నాయనమ్మ గదా, నాయనమ్మకు ఆ మాత్ర రోజుకొక్కటేననీ, అది పొద్దున అయిపోయిందనీ వాడు చెప్పిన దాంట్లో 'ఓన్లీ' లేనేలేదు. 'ఆల్రెడీ' ఉంది. నర్సు ముఖం పాలిపోయింది. కప్పు వెనక్కి తీసుకుంది, కాయితం మీద కొట్టివేత కొట్టింది, డాక్టరును పిలుచుకొచ్చింది. అసలే నీరసించి ఉన్న మనిషికి రెండో మాత్ర కూడా పడితే రక్తపుపోటు మరీ దిగజారి ఉండేదని ఆయన అన్నాడు.

తప్పు ఆవిడది కాదు. నా నోట వచ్చిన మాటకు ఇంగ్లీషులో ఏ అర్థముందో ఆ అర్థమే తీసుకుంది. నేను చెప్పాననుకున్నది "పొద్దున్నే వేసేసుకుంది" అని. ఆవిడ విన్నది "పొద్దుటిది మాత్రమే వేసుకుంది, రాత్రిది వేసుకోలేదు" అని. ఒక్క మాట, రెండు దేశాలు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు వ్యాకరణం చెప్తూ, ఈ చిన్న మాట నన్నెలా బోల్తా కొట్టించిందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

ఒకటి కడుపున పుట్టినవి

ముందు ఈ 'ఓన్లీ' అనే ఆసామీ పుట్టుపూర్వోత్తరాలు విచారించాను. వెయ్యేళ్ళనాటి పాత ఇంగ్లీషులో ఒకటిని 'ఆన్' అనేవారట. దానికి 'వంటి' అనే అర్థమిచ్చే 'లీచ్' అనే తోక తగిలిస్తే 'ఆన్‌లీచ్' అయింది. అంటే 'ఒకటివంటిది', మరో జత లేనిది అన్నమాట. అది నోళ్ళలో పడి అరిగి అరిగి 'ఓన్లీ' అయింది. ఇవాళ 'వన్' అని పలికే మాటలో 'వ'కారం తర్వాత వచ్చి చేరింది. పాత పలుకుబడి 'ఓన్లీ'లోనే నిలిచిపోయింది. తల్లి మాట తీరు మారినా కూతురు మాత్రం పుట్టింటి యాస మానలేదు.

ఈ 'ఒకటి'కి ఇంకా సంతానముంది. 'ఆల్', 'వన్' కలిసి 'అలోన్' అయింది, అంటే బొత్తిగా ఒక్కరే. ఆ 'అలోన్' మొదటి అక్షరం పోగొట్టుకుని, 'లోన్లీ' అనే ఒంటరితనపు మాటను కన్నది. ఇద్దరు తగవుపడి మళ్ళీ ఒకటవటం 'ఎట్ వన్'. అందులోంచి తప్పుకు పరిహారం చేసుకోవటమనే 'అటోన్' వచ్చింది.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగింది. ఎందుకంటే మన తెలుగులోనూ కథ సరిగ్గా యిలాగే నడిచింది. ఒకటి నుంచి 'ఒంటి' వచ్చింది. ఎండలు ముదరగానే పిల్లలు ఎదురుచూసే ఒంటిపూట బడి గుర్తుందిగా! ఆ ఒంటి నుంచే 'ఒంటరి' వచ్చింది. 'ఓన్లీ సన్' అనే దానికి మనవాళ్ళు చెప్పుకునే మాట వినండి: ఒక్కగానొక్క కొడుకు. ఇంగ్లీషువాళ్ళు ఒకసారి 'ఒకటి' అని ఊరుకుంటే, మనవాళ్ళు ఒకటిని రెండుసార్లు పలికి గాని తృప్తి పడలేదు. ముద్దుచేయడంలో మనదే పైచేయి.

ఎక్కడ కూర్చుంటే అక్కడి పెత్తనం

'ఓన్లీ' మూడు వేషాలు కడుతుంది. నామవాచకానికి ముందు నిలబడితే విశేషణం: ఓన్లీ సన్, ఓన్లీ హోప్. ఇక్కడే ఒక చిన్న చిక్కుంది. 'యాన్ ఓన్లీ ఛైల్డ్' అంటే తోబుట్టువులు లేని పిల్ల. 'ఓన్లీ ఎ ఛైల్డ్' అంటే "పాపం, పసిపిల్ల, దానికేం తెలుసు" అని. చిన్న 'ఎ' ఒకటి అటునుంచి ఇటు జరిగేసరికి చుట్టరికమే మారిపోయింది.

రెండో వేషం క్రియావిశేషణం. "ఓన్లీ టూ రుపీస్", రెండే రూపాయలు. మూడోది రెండు వాక్యాల నడుమ జేరి సంధి కుదిర్చే వేషం. "ఐ వుడ్ కమ్, ఓన్లీ ఐ హావ్ నో లీవ్" అంటే "రావాలనే ఉంది, కాకపోతే సెలవు లేదు" అని. అన్నగారికి డబ్బు సర్దలేకపోయినప్పుడు మనం వాడే 'కాకపోతే' అన్నమాట!

'ఇఫ్' అనే దాని పొత్తులో ఇది మరీ చిత్రంగా నడుచుకుంటుంది. 'ఓన్లీ ఇఫ్' అంటే షరతు: వస్తేనే, ఇస్తేనే. అదే తిరగేసి 'ఇఫ్ ఓన్లీ' అంటే బెంగ: "అయ్యో, నాన్నగారు ఉండి ఉంటేనా!" ముందుది బ్యాంకు మేనేజరు మాట, వెనకది కన్నీళ్ళు తుడుచుకుంటూ అనే మాట. ఇక 'ఓన్లీ టూ గ్లాడ్' అన్నచోట కొంచెం సంతోషమని అర్థం చెప్పుకున్నారో, పొరపాటే. మహదానందమని అర్థం. 'ఓన్లీ దెన్' అని మొదలుపెడితే వాక్యం నడకే మారుతుంది. "ఓన్లీ దెన్ ఐ అండర్‌స్టుడ్" అని నేనూ చాలాకాలం రాశాను. "ఓన్లీ దెన్ డిడ్ ఐ అండర్‌స్టాండ్" అనాలి. ముందు పీట తాను వేసుకున్నందుకు సహాయక్రియను కూడా కర్తకంటే ముందుకు లాగుతుంది.

ఇంతకంటే ముఖ్యమైంది కూర్చునే చోటు. హనుమంతుడు సీతకు ఉంగరం ఇచ్చాడు. ఇది మనకందరికీ తెలిసిన వాక్యం. ఇంగ్లీషులో దీనికి 'ఓన్లీ' చేర్చి చూడండి. హనుమంతుడి ముందు పెడితే, మరెవరూ ఇవ్వలేదు, ఆయనొక్కడే ఇచ్చాడు. సీత ముందు పెడితే, లంకలో మరెవరికీ ఇవ్వలేదు. ఉంగరం ముందు పెడితే, ఉంగరం తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. క్రియ ముందు పెడితే, "ఇవ్వటం ఒక్కటే చేశాడు" అని కొందరు, "పైమూడింట్లో ఏదైనా కావచ్చు" అని కొందరు. మామూలుగా మాట్లాడేటప్పుడు ఇంగ్లీషువాళ్ళు 'ఓన్లీ'ని క్రియ ముందరే పడేసి, అసలు అర్థాన్ని గొంతు నొక్కడంతో తేల్చేస్తారు. ఇది కూడదని పంతుళ్ళు చిరకాలంగా బెత్తం ఝళిపిస్తూనే ఉన్నారు. 1926లో ఇంగ్లీషు ప్రయోగాల మీద నిఘంటువు ప్రచురించిన హెన్రీ ఫౌలర్ మాత్రం, వినేవాడికి అర్థం తేలిగ్గా తెలుస్తున్నప్పుడు ఆ అలవాటును తప్పుపట్టి సాధించేదేమీ లేదని వాడుక పక్షానే నిలిచాడు. మన గిడుగు రామమూర్తి పంతులుగారు వింటే సంతోషించి ఉండేవారు.

'ఏ' గారి పెద్ద సంసారం

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. హనుమంతుడి వాక్యంలో మనకు ఇన్ని అవస్థలు లేవు. హనుమంతుడే, సీతకే, ఉంగరమే. కావలసిన మాట చివర 'ఏ' అంటించామంటే పని అయిపోయింది. మన వైయాకరణులు దీన్ని 'అవధారణార్థకం' అన్నారు. అవధారణమంటే గట్టిచేసి చెప్పటం. సంస్కృతంలో 'ఏవ' చేసే పని ఇదే. హిందీవాళ్ళకు 'హీ' ఉంది, మరాఠీవాళ్ళకు 'చ' ఉంది, అరవవాళ్ళకు 'తాన్' ఉంది. అందుకే ఢిల్లీలోనూ చెన్నైలోనూ కూడా ఈ 'మార్నింగ్ ఓన్లీ' చెల్లిపోతుంది. సముద్రం దాటిన తర్వాత చెల్లదు.

ఎందుకు చెల్లదంటే, 'ఓన్లీ'కి ముఖ్యమైన పని తలుపు మూయటం. దీన్ని లోపల ఉంచి, మిగిలిన వాటిని బయటకు పంపిస్తుంది. మన 'ఏ' కూడా అవసరమైతే తలుపు మూస్తుంది. "రెండే ఇడ్లీలు తిన్నాను" అన్నప్పుడు మూడోది లేదు. కాని చాలాసార్లు అది తలుపు ముయ్యదు, వేలెత్తి చూపిస్తుంది. "వాడే వచ్చాడు" అంటే ఇంకెవరూ రాలేదని కాదు, మనం ఇందాక అనుకున్న మనిషి వాడేనని. "ఇక్కడే పెట్టాను" అంటే లోకంలో మరో చోట పెట్టలేదని కాదు, సరిగ్గా ఈ చోటునని. "రాగానే", "చూడగానే" అన్నప్పుడు ఆలస్యం లేకపోవటం. "అలాగే" అంటే ఒప్పుకోవటం. "పొద్దున్నే" అన్నప్పుడు తొందరగానే, వేళకే అని. ఇన్ని పనులు చేసే 'ఏ'ని తీసుకుపోయి, ఒక్క పనే ముఖ్యమైన 'ఓన్లీ' చేతిలో పెడితే ఆ యిల్లు ఏమవుతుంది? మా అమ్మకు రెండో మాత్ర వస్తుంది!

మరి ఇంగ్లీషువాడు ఈ పనులన్నిటికీ ఏం చేస్తాడు? ఒక్కో పనికి ఒక్కో నౌకరును పెట్టుకున్నాడు. "ఇక్కడే" అనటానికి 'రైట్ హియర్'. "ఇప్పుడే" అనటానికి 'జస్ట్ నౌ'. "అదే ఇల్లు" అనటానికి 'ది వెరీ హౌస్'. "పొద్దున్నే వేసేసుకుంది" అనటానికి 'ఆల్రెడీ, దిస్ మార్నింగ్'. "నాన్నే చెప్పారు" అనటానికి 'ఇట్ వాజ్ ఫాదర్ హూ సెడ్ సో'. పాపం, వాడికి 'ఏ' లేదు గనుక ఆ ఒక్క అక్షరానికి బదులు వాక్యాన్నే రెండు ముక్కలు చేసి అతికించుకుంటాడు. ఇవేవీ అక్కర్లేదనుకుంటే ఆ మాట మీద గొంతు నొక్కి పలుకుతాడు.

ఒక్కోచోట రెండు భాషలూ దగ్గరిదగ్గరగా వచ్చి ఊరిస్తాయి కూడా. "నిన్ననే వచ్చాను" అనే దాన్ని "ఐ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే" అంటే ఇంగ్లీషులో ఏ దోషమూ లేదు. వచ్చి ఎంతోకాలం కాలేదని అర్థం. అదే 'ఓన్లీ'ని వెనక్కి నెట్టి "ఐ కేమ్ యెస్టర్‌డే ఓన్లీ" అంటే, "నిన్న ఒక్కరోజే వచ్చాను, మిగతా రోజుల్లో రాలేదు" అనే వైపుకు మొగ్గుతుంది. మనకు 'ఏ' మాట చివర అంటుకుంటుంది గనుక 'ఓన్లీ'ని కూడా చివరనే తగిలిస్తాము. ప్రమాదమంతా అక్కడుంది.

మేనల్లుడి తెలుగు

మర్నాడు అమ్మ ఇంటికొచ్చేసింది. మజ్జిగన్నం తిని కూర్చుంది. నా పరువు ఎలాగూ పోయింది గనుక మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకుని నేర్చుకుందామనుకున్నాను. వాడు నాకు 'ఓన్లీ' చెప్పేటట్టూ, నేను వాడికి 'ఏ' చెప్పేటట్టూ ఒప్పందం కుదిరింది. పాఠం మొదలైన తరువాత తెలిసింది, చిక్కు నా ఒక్కదానిది కాదని.

వాడు సోఫా మీద గెంతుతుంటే మా మరదలు కేకలేసింది. వాడు బిక్కముఖం పెట్టి, "నేను మాత్రమే ఆడుకుంటున్నాను" అన్నాడు. "నువ్వు మాత్రమే గెంతుతున్నావని నాకూ కనబడుతూనే ఉంది!" అంది వాళ్ళమ్మ. వాడు చెప్పదలచుకున్నది "ఐ వాజ్ ఓన్లీ ప్లేయింగ్" అని. అంటే, "ఊరికే ఆడుకుంటున్నానంతే" అని. నేను తెలుగు 'ఏ'కి ఇంగ్లీషు చొక్కా తొడిగితే, వాడు ఇంగ్లీషు 'ఓన్లీ'కి తెలుగు పంచె కట్టాడు. నేను ఆసుపత్రిలో తిన్న దెబ్బే వాడు సోఫా మీద తిన్నాడు.

"అయితే అత్తా, ఓన్లీకి తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు వాడు. ఒకటి చెప్తే సరిపోదురా అన్నాను. ఒకచోట 'మాత్రమే', ఒకచోట 'ఊరికే', ఒకచోట 'అంతే', ఒకచోట 'తప్ప', ఇంకోచోట 'కాకపోతే', చాలాచోట్ల వట్టి 'ఏ'. వాడు కాసేపు ఆలోచించి, "అంటే మాటకు మాట పెట్టకూడదు. ఏం చెప్పాలనుకున్నామో ముందు చూసుకోవాలి" అన్నాడు. ఎమ్.ఏ. క్లాసులో అనువాదం మీద నేను గంటసేపు చెప్పే పాఠం వాడు రెండు ముక్కల్లో తేల్చేశాడు.

మరి తప్పా, ఒప్పా?

ఈ కథ విన్న మా స్నేహితురాలొకావిడ, "చూశావా, అందుకే పిల్లల్ని చిన్నప్పటినుంచీ ఇంగ్లీషులోనే పెంచాలి" అంది. నేను ఒప్పుకోలేదు. 'మార్నింగ్ ఓన్లీ' అన్నవాణ్ణి చూసి నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. నా విద్యార్థుల్లో పల్లెల నుంచి వచ్చిన పిల్లలు ఆ నవ్వుకు జడిసి ఇంటర్వ్యూల్లో నోరే విప్పరు. "ఐ యామ్ ఫ్రమ్ తెనాలి ఓన్లీ" అన్నందుకు తలవంచుకుని వచ్చిన పిల్లవాణ్ణి నేనెరుగుదును. ఆ పిల్లవాడికి భాష రాక అన్న మాట కాదది. వాడికి ఒక భాష బ్రహ్మాండంగా వచ్చు. ఆ భాషలో ఎక్కడ ఒత్తి పలకాలో వాడికి పుట్టుకతో తెలుసు. ఆ ఒత్తును వదలలేక, దొరికిన మాటకు తగిలించాడు. కోట్లమంది భారతీయులు ఒకరితో ఒకరు ఇలాగే మాట్లాడుకుంటున్నారు, అర్థం చేసుకుంటున్నారు. మనలో మనం మాట్లాడుకునే ఇంగ్లీషులో ఇది మన నుడికారమే అనుకోవచ్చు. నవ్వవలసిన పనిలేదు.

అలాగని మురిసిపోయి ఊరుకుంటే మాత్రల కప్పు మళ్ళీ వస్తుంది. అందుచేత మా క్లాసులో పిల్లలకు ఒక్క సలహా చెప్తున్నాను. మందు, డబ్బు, మాట ఇవ్వటం, ఈ మూడింటి దగ్గర 'ఓన్లీ' నోటికొస్తే ఒక్క క్షణం ఆగండి. ఆ మాట తీసేసి చెప్పి చూడండి. "షి టుక్ ఇట్ దిస్ మార్నింగ్" అని ఊరుకుని ఉంటే నాకు ఏ గొడవా లేకపోను. 'ఓన్లీ' తీసేసినా మీ అర్థం చెడలేదంటే, అక్కడ మీరు పెట్టింది 'ఓన్లీ' కాదు, మన 'ఏ'. తీసేస్తే అర్థం చెడుతుందంటే, అప్పుడది అసలైన 'ఓన్లీ'. దాన్ని ఏ మాటను బిగించాలో ఆ మాటకు ముందు ఉంచండి.

అసలైన 'ఓన్లీ' ఎలా ఉంటుందో చూడాలంటే మీ చెక్కు పుస్తకం తీయండి. "అయిదు వేల రూపాయలు మాత్రమే" అని రాస్తాము. అయిదు వేలు మనకేమీ తక్కువని కాదు. ఆ తర్వాత మరో అంకె ఎవరూ చేర్చకుండా వేసిన గొళ్ళెమది. లేదా మన ఆర్టీసీ బస్సు ఎక్కండి. స్త్రీలకు కేటాయించిన సీట్లలో 'వారినే' కూర్చోనివ్వమని రాసి ఉండేది గుర్తుందా? ఆ 'నే' తీసేసి చదవండి. అప్పుడు ఆడవాళ్ళనూ కూర్చోనిద్దాం, మనమూ కూర్చుందాం అని అర్థం చెప్పుకునే మహానుభావులు బయల్దేరుతారు! ఒక్క అక్షరం అంత బరువు మోస్తోంది.

నేనే

అమ్మ ఇప్పుడు మళ్ళీ మా ఊళ్ళోనే ఉంది. తెనాలి పక్కన పల్లెటూరు. నేను గుంటూరులో. రోజూ సాయంత్రం ఫోను చేస్తాను. "ఏం చేస్తున్నావమ్మా?" అంటే, "ఏముందే, ఒక్కదాన్నే కూర్చున్నాను" అంటుంది. ఏళ్ళ తరబడి వింటున్న జవాబే. ఈ 'ఓన్లీ' వెనకపడి తిరిగిన తరువాత ఒకనాడు ఆ మాట నాకు వేరుగా వినబడింది. 'ఒక్క'లో ఉన్న ఒకటి, చివర 'ఏ'. 'అలోన్', 'లోన్లీ', 'ఓన్లీ' మూడూ కలిపి మా అమ్మ ఒక్క ముక్కలో చెబుతోంది. అందులో తలుపు మూసుకున్న చప్పుడుంది. నేను వ్యాకరణం చెప్పుకునేదాన్నే గాని, యిన్నాళ్ళూ ఆ 'ఏ'ని సరిగ్గా వినలేదు.

ఆ శనివారం ముందుగా చెప్పకుండా బస్సెక్కాను. చీకటి పడ్డాక వెళ్ళి తలుపు తట్టాను.

"ఎవరూ?" అంది లోపలినుంచి.

ఇలాంటప్పుడు ఇంగ్లీషువాళ్ళు "ఇట్స్ ఓన్లీ మీ" అంటారని మా మేనల్లుడు చెప్పాడు. భయపడకు, కొత్తవాళ్ళెవరూ కాదు, నేనేలే అని. మందుల దగ్గర విడిపోయిన రెండు భాషలూ ఈ గడప దగ్గర కలుసుకున్నాయి. కాకపోతే ఇంగ్లీషువాళ్ళకు దానికి మూడు మాటలు కావాలి. మనకు రెండక్షరాలు చాలు.

"నేనే" అన్నాను.

గొళ్ళెం తీసిన చప్పుడైంది.

పూర్వం ఉత్తరం ముగిస్తూ మన పెద్దలు ఒక మాట రాసేవారు. ఆ మాటలోనూ ఈ 'ఏ' ఉంది చూడండి. ఇంతే సంగతులు.